గుంపుగా రావాల్సిన ఎలక్ట్రాన్లు

మూడోసారి కూడా టప్‌మని నిప్పురవ్వ కొట్టి మెషిన్ ఆగిపోయింది. రాజశ్రీకి ఒళ్లు మండింది. నిన్నటిదాకా చెప్పినట్టు విన్న ఎలక్ట్రాన్ గన్, డైరెక్టర్ హర్షవర్ధన్ ఆల్బనీ హెడ్డాఫీసు నుంచి టౌరంగాలోని ఈ ల్యాబ్‌కి వచ్చిన పూటే మొండికేసింది.

ఆ మెషిన్ ఎగుమతి పళ్లలో పురుగుని ఎలక్ట్రాన్లతో చంపే యాక్సిలరేటర్. దానిలోకి ఎలక్ట్రాన్లని వదిలేందుకు ఆమె చేసిన గన్ ఇవాళ నడిస్తే ఉంటుంది. లేదంటే బయటి దేశం నుంచి పాతరకం గన్ కొంటారు.

"పాతరకంతో ఏంటండీ ప్రాబ్లమ్?" ఫోన్లోంచి తలెత్తకుండానే అడిగాడు హర్షవర్ధన్.

"ఎన్నిసార్లు చెప్పాలండీ? అది ఎలక్ట్రాన్లని కుళాయిలా ధారగా వదుల్తాది. లోపల వాటిని తోసే తరంగం మీ ఆల్బనీ బస్సులాంటిది. అది వచ్చేసరికి జనం స్టాపులో ఉండాల. రోడ్డెంబడి నడిచిపోయేవాళ్లని ఎట్ల ఎక్కించుకుంటాది? సగం గోడలకి కొట్టుకుని చస్తాయి. నాది బస్సు టైముకే గుంపుని వదుల్తాది."

"వదల్లేదుగా."

రాజశ్రీ పళ్లు కొరుక్కుంది. కరెంటు ఆపించి గన్ మీది కవచం విప్పింది. కరెంటు పక్కకి పాకకుండా ఆపే తెల్లటి పింగాణీ మెడ చుట్టూ పసుపు, మధ్యలో కుంకుమబొట్టు. వాటి మీదుగా నల్లటి చార. కరెంటు పాకిన దారి.

ఫిజీ నుంచి వచ్చిన తెలుగాయన, టెక్నీషియన్ రజ్నేశ్, వెనక్కి జరిగాడు. "దసరా కదమ్మా. మా తాత చెరకు మిల్లులో ప్రతి మెషిన్‌కీ పెట్టేవాడు. పొద్దున్నే కవచం తీసి నేనే పెట్టినా, నీ పని మంచిగా అవ్వాలని."

"బయట అంత ఇనప డబ్బా ఉంది, దానికి పెట్టొచ్చు గదా అంకుల్."

"డబ్బా గన్ కాదు గదమ్మా."

ఆమె డైరెక్టర్ మీదికి తిరిగింది. "చూశారు గదా, తప్పు డిజైన్‌ది కాదు. తుడిచి గంటలో నడిపి చూపిస్తా."

"చిటికెడు పసుపుకి ఆగేది పళ్లు ప్యాక్ చేసే షెడ్డు దుమ్ములో ఏం నడుస్తుందండీ?"

"పాతదాని మెడకి పూసినా ఇంతే."

"దాని మెడ మూసేసి వస్తుంది. ఎవరూ చెయ్యి పెట్టలేరు. ఆర్డర్ పెట్టేస్తున్నా." ట్రాఫిక్ మొదలవుతుందంటూ కారెక్కి వెళ్లిపోయాడు.

రాజశ్రీ స్పిరిట్‌తో మెడ తుడిచింది, ఆరనిచ్చింది, మళ్లీ నడిపింది. తెర మీద గుంపు, ఖాళీ, గుంపు, ఖాళీ. గీత గీసినట్టు. చూడాల్సినవాడు లేడు.

"ఫోన్ చెయ్యమ్మా," అన్నాడు రజ్నేశ్.

చేసింది. ఎత్తలేదు.

"ఈ మెడకి మూత చేయాల అంకుల్. మీరే చేయాల. మీరు కూడా వేలు పెట్టలేనట్టు."

"ఆర్డర్ పెట్టేశాక ఎందుకమ్మా?"

"పెట్టుకోనీ. అది ఓడెక్కి దిగేలోపు ఇది పళ్ల మీద నడుస్తా ఉండాల."