మూగబోయిన హారన్

రేడియోలు బాగుచేసే ఆయనకు పక్షవాతం వచ్చి తొమ్మిది నెలలైంది. మాట తిరిగొచ్చింది, నడకా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం చెప్పిన దాంట్లో సగమే వినేది. తీగలు అతికే టంకం కడ్డీ కంటబడితే చాలు, ముఖం తిప్పుకునేవాడు.

ఒకరోజు పొద్దున్నే బావమరిది తన పాత కారు తెచ్చి వాకిట్లో ఆపాడు. అది వాళ్ల నాన్న ముచ్చటపడి కొన్న కారు. హెడ్‌లైట్ల స్విచ్ లాగితే ఒకసారి వెలుగుతాయి, మూడుసార్లు వెలగవు. ఇండికేటర్‌ది ఇష్టారాజ్యం. హారన్ అయితే మూగనోము పట్టి ఏడాది దాటింది. నాలుగు షెడ్లు తిరిగితే నలుగురూ ఒకటే మాట అన్నారట, ఆ స్విచ్చులు ఇప్పుడు దొరకవు, పీకేసి ప్లాస్టిక్‌వి బిగిస్తామని.

ఆయనకు చురుక్కుమంది. ఖాళీగా కూర్చున్నానని ఆడుకోవడానికి బొమ్మ తెచ్చావా అని అడిగాడు.

"జాలిపడితే పళ్లు తెచ్చేవాణ్ణి బావా, కారెందుకు తెస్తాను?" అన్నాడు బావమరిది.

ముందుగదిలో బట్టలు కుడుతున్న భార్య మిషను ఆపి వచ్చింది. "విప్పడానికి నా చేతులున్నాయి. ఎక్కడ విప్పాలో మీరు చెప్పండి," అంది.

ఇక తప్పించుకునే దారి లేకపోయింది. ముందు బ్యాటరీ తీగ తీయించాడు. స్విచ్చుల వెనక తీగలన్నీ మాసిపోయి ఒకే రంగులో ఉన్నాయి. ఆవిడ ఒక్కోదానికీ ఒక్కో రంగు దారం కట్టింది, ఏది ఎక్కడిదో మరిచిపోకుండా. ఇన్నేళ్ల పనిలో తనకా ఉపాయం తట్టనే లేదని ఆయన ఒప్పుకున్నాడు.

హెడ్‌లైట్ల స్విచ్ మూత తీస్తే లోపలి రాగి రేకులు పెనం అడుగులా నల్లబడి ఉన్నాయి. "ఇది చావలేదు, మసి పట్టిందంతే," అన్నాడు. ఆ మాటలో పాత హుషారు వినబడి భార్య తల వంచుకుని నవ్వుకుంది. గరుకు కాగితంతో రుద్దుతుంటే స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది. ముగ్గురూ నేలమీద పాకులాడారు. చివరికది బావమరిది చొక్కా జేబులోనే దొరికింది. మధ్యాహ్నానికి లైట్లూ ఇండికేటరూ దారికొచ్చాయి.

హారన్ బొత్తాం విప్పేటప్పుడు బావమరిది ఉన్నట్టుండి మాట తగ్గించాడు. దీన్ని ఏడాదిపాటు ఎందుకు వదిలేశావని ఆయన కసిరాడు. భార్య ఇక ఆగలేకపోయింది. ఆయన కుప్పకూలిన రోజు ఆస్పత్రికి తీసుకెళ్లింది ఈ కారులోనేనని చెప్పింది. ఆయనకు అదేమీ గుర్తులేదు. రోడ్డు నిండా బళ్లు, హారన్ మోగదు. తన తమ్ముడు కిటికీలోంచి తల బయటపెట్టి, "మా బావ, తప్పుకోండి" అని దారిపొడుగునా అరుస్తూ నడిపాడట. ఇంకో అరగంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరమ్మ అందట.

"వారం రోజులు నీ గొంతు పెగల్లేదు. జలుబన్నావు కదరా?" అన్నాడాయన.

"నీకు మాటే పోయింది బావా. నా గొంతు సంగతి నీకేం చెప్పుకోను?"

ఆయన హారన్ బొత్తాం వెనక తెగిన తీగను వేలితో చూపాడు. తర్వాత టంకం కడ్డీ వేడిచేయమన్నాడు. భార్య చెయ్యి చాస్తే వద్దని, తనే కుడిచేత్తో పట్టుకున్నాడు. ఎడమచేత్తో ఆ మణికట్టుకు ఊతమిచ్చాడు. కరిగిన టంకం మొదటి చుక్క జారిపోయింది. రెండోదీ అంతే. మూడోది తెగిన తీగ మీద ముత్యంలా నిలిచింది. బ్యాటరీ తగిలించి బావమరిది బొత్తాం నొక్కితే వీధి చివరిదాకా వినబడింది.

"బావా, మోగింది!"

ఆయన బావమరిది చేతిని తన కుడిచేత్తో పట్టుకుని, "నువ్వు లేకపోతే ఇవాళ నేను లేనురా," అన్నాడు. బావమరిది తల దించుకున్నాడు, చెయ్యి మాత్రం లాక్కోలేదు.

ఇందాక టంకం పెట్టేటప్పుడు కడ్డీ తగిలి ఆయన కుడిచేతి వేలికొస కాలింది. భార్య చూసి చన్నీళ్లు తెచ్చింది. ఆ చేతికి వేడీ చల్లనా తెలియక ఎన్నాళ్లయిందో. మంట చక్కగా తెలుస్తోంది. దానికి కూడా ఆయన మనసులోనే దండం పెట్టుకున్నాడు.