ఆరు దేశాల కార్యదర్శి

శనివారం పొద్దున భోజనాల బల్ల మీద నిదియా పేరు కార్డులకు తాళ్లు కడుతోంది. వచ్చే వారం తమ హోండురాస్ రాజధాని తెగుసిగల్పాలో మహాసభ. ఆరు దేశాల నుంచి వచ్చే భూగోళశాస్త్ర అధ్యాపకుల మెడల్లో ఆ కార్డులు వేలాడాలి. ఏ కార్డు తిప్పినా డాక్టర్ ఫలానా, డాక్టర్ ఫలానా. తన కార్డు మీద మాత్రం లిసెన్సియాదా నిదియా పవోన్ అని ఉంది. డిగ్రీతో ఆగిపోయిన మనిషికి దక్కే పిలుపు అంతే.

"ఆ అట్టముక్కలు పక్కన పెట్టు అమ్మాయ్, బీన్స్ అడుగంటుతున్నాయి," అంది అత్తగారు దోన్యా క్రిస్తెలా, కుర్చీలోంచి కదలకుండానే. "కాలేజీలో చాకిరీ చాలనట్టు మళ్లీ ఈ వెట్టి ఒకటి. పోనీ జీతమిస్తారా అంటే అదీ లేదు."

నిదియా లేచి బీన్స్‌లో నీళ్లు పోసి, రొట్టెలు తిరగేసి, మళ్లీ వచ్చి కూర్చుంది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఏముందని? పదమూడేళ్లుగా ఆ అధ్యాపకుల సంఘానికి కార్యదర్శి తనే. ఆహ్వానాలు తనే రాస్తుంది, పత్రిక తనే దిద్దుతుంది. గ్వాతెమాలా వాళ్లకీ ఎల్ సాల్వడోర్ వాళ్లకీ మాటామాటా పెరిగితే ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి, అవతలివాళ్లు మిమ్మల్ని ఎంత మెచ్చుకున్నారో అని లేని మెప్పులు అల్లి చెప్పేదీ తనే. అధ్యక్షులు మాత్రం వస్తారు, పోతారు. ఫొటోల్లో మధ్యలో నిలబడతారు.

అసలు ఆ సంఘం పుట్టింది ఈ బల్ల మీదే. అప్పట్లో మెక్సికోలో డాక్టరేట్ చదవడానికి తనకూ, భర్త అర్నుల్ఫోకూ ఇద్దరికీ సీటొచ్చింది. పిల్ల చిన్నది. "ఇద్దరూ పోతే ఇల్లేం గాను? ఎవరో ఒకరు పోండి," అంది అత్తగారు. ఆ 'ఎవరో ఒకరు' ఎవరో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పనూ లేదు. అర్నుల్ఫో పెట్టె తనే సర్దింది. అతను లేని ఆ ఏళ్లలో అతని క్లాసులు కూడా తనే చెప్పింది. అప్పుడే ఓ పెనుతుఫాను వచ్చి ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. కొండల్లో పడిన వాన ఎంతో హోండురాస్ వాళ్ల దగ్గర ఉంది. ఆ నీళ్లు పోయి ముంచింది నికరాగ్వా పల్లెల్ని. ఎవరి పటం వాళ్ల సరిహద్దు దగ్గర ఆగిపోయింది, నది మాత్రం ఆగలేదు. పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, ముక్కూ మొహం తెలియని అధ్యాపకులకు నిదియా ఉత్తరాలు రాసింది. 'మీ దగ్గర వాన పడితే మాకు చెప్పండి, మా దగ్గర పడితే మేం చెబుతాం.' ముందు నికరాగ్వా నుంచి జవాబొచ్చింది, తర్వాత గ్వాతెమాలా నుంచి. ఏళ్లు గడిచేసరికి ఆరు దేశాలయ్యాయి. విశ్వవిద్యాలయాలు గౌరవించాలంటే అధ్యక్షుడికి డాక్టరేట్ ఉండాలని మొదటి సభలో పెద్దలంటే, సరేనని ఆ నియమం టైపు చేసింది కూడా తన చేతులే.

ఫోన్ మోగింది. ఎల్ సాల్వడోర్ నుంచి డాక్టర్ ఎవేలియో మెంహీవార్. ప్రస్తుత అధ్యక్షుడు.

"నిదియా, శుభవార్త! ఈసారి అధ్యక్ష పదవి హోండురాస్ వంతు కదా. అందరితో మాట్లాడాను. ఒక్కరు కూడా కాదనలేదు. మీ ఇంటికే రావాలి, మీ ఇంటికంటే అర్హత ఎవరికుంది?"

నిదియా పట్టుకున్న తాడు వేలికి చుట్టుకుపోయింది. "చాలా... చాలా సంతోషం డాక్టర్. నేను అనుకోనేలేదు. నియమం ఉంది కదా, దాన్ని మీరు ఎలా..."

"నియమమా? దాంతో పనేముంది, అర్నుల్ఫోకి డాక్టరేట్ ఉందిగా!" అవతల నవ్వు. "మొన్ననే ఒప్పుకున్నాడు. నీకు చెప్పలేదా? అయ్యో, ఆశ్చర్యపరుద్దామనుకున్నాడేమో, నేను పాడుచేశాను. మాకూ నిశ్చింత. అధ్యక్షుడూ కార్యదర్శీ ఒకే ఇంట్లో ఉంటే ఫోన్ ఖర్చు కూడా కలిసొస్తుంది!"

ఆమె కూడా నవ్వింది. అదే తర్వాత ఎన్నో రోజులు ఆమెను కాల్చింది. పదవి ఇవ్వనందుకు కాదు. తనకే అనుకుని సంతోషం అని చెప్పినందుకు, అది ఆయనకు అర్థమైందేమోనన్న సిగ్గుకు, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి నవ్వినందుకు.

మధ్యాహ్నం భోజనం దగ్గర అడిగింది. అర్నుల్ఫో రొట్టె తుంచుతూ తలెత్తలేదు.

"చెబుదామనే అనుకున్నా. దానికేం, ఎప్పుడు చెబితే ఏం? పని ఎలాగూ నువ్వే చేస్తావు. పేరు నీదైతేనేం, నాదైతేనేం? మనిద్దరి మధ్య నాదీ నీదీ అని ఎప్పుడైనా అనుకున్నామా?"

"అయితే నా పేరే ఉండనీ."

"నీకు డాక్టరేట్ లేదు కదా నిదియా." ఎంతో మెత్తగా అన్నాడు, జబ్బు మనిషితో మాట్లాడినట్టు. "నేను పెట్టిన రూలేం కాదు. నువ్వు టైపు చేసిందే."

"మగాడికి మర్యాద వస్తుంటే భార్య సంతోషించాలి," అంది దోన్యా క్రిస్తెలా. "ఇంకో రెండు రొట్టెలు వెయ్యి, వాడికి చాల్లేదు."

ఆ సాయంత్రం ఆమె నికరాగ్వాలోని లియోన్‌కు ఫోన్ చేసింది. అక్కడి అధ్యాపకురాలు ఇవానియా తెయెస్‌ను సంఘంలోకి తెచ్చింది తనే. మొదటి వ్యాసం దిద్దింది తను. గర్భంతో ఉన్నప్పుడు ఆమె ఉద్యోగం ఊడబోతే సంఘం ముద్రతో వాళ్ల కాలేజీకి గట్టిగా రాసింది తను. సభలో నియమం తీసేయమని అడుగుతానని, తోడు నిలబడమని చెప్పింది.

"అక్కా, నువ్వంటే నాకు ప్రాణం, నీకు తెలుసు," అంది ఇవానియా. "కానీ ఒక్క మాట అడుగుతా, తిట్టకు. నువ్వు అధ్యక్షురాలివైతే పనెవరు చేస్తారు?"

నిదియా ఫోన్ పెట్టేసి మళ్లీ పేరు కార్డులు ముందేసుకుంది.

మహాసభ బాగా జరిగింది. ఎప్పుడూ బాగానే జరుగుతుంది, ఏర్పాట్లు తనవి కదా. కాఫీ వేడిగా అందింది, పనామా వాళ్ల హోటల్ గదిలో నీళ్లు వచ్చాయి, మైకు పనిచేసింది. ఎన్నికకు ముందు నిదియా తన కుర్చీలోంచి లేచి నిలబడింది. కార్యదర్శి నిలబడటం చూసి ఏదో ప్రకటన అనుకున్నారంతా. డాక్టరేట్ నియమం తీసేయాలని ప్రతిపాదించింది. సంఘం ఎలా మొదలైందో రెండు మాటల్లో చెప్పి, "పని చేసేవాళ్లకు అధ్యక్ష పదవికి పోటీ చేసే హక్కయినా ఉండాలి," అంది.

హాలు కాసేపు ఇబ్బందిగా కదిలింది. చాలామంది ఆమె వైపు కాకుండా అర్నుల్ఫో వైపు చూశారు. అతను వేదిక మీద నీళ్ల గ్లాసు మూత తీసి మళ్లీ పెట్టాడు. ఎవేలియో చేతులెత్తమన్నాడు. వెనక వరుసలో అక్కడొకటి, ఇక్కడొకటి లేచాయి. ఇవానియా చెయ్యి సగం దాకా లేచి, జుట్టు సర్దుకుని దిగిపోయింది.

"కార్యదర్శి గారి ఆవేదన మనసులో ఉంచుకుందాం," అన్నాడు ఎవేలియో. "ఇక ఎన్నిక."

అధ్యక్షుడిగా అర్నుల్ఫో తొలి ప్రసంగంలో భార్యను తలుచుకున్నాడు. ఆమె సహనం లేకపోతే తానీ మెట్టు ఎక్కేవాణ్ణి కానన్నాడు. పెద్దగా చప్పట్లు కొట్టారు. నిదియాకు పూలగుత్తి ఇచ్చారు.

తిరిగి వస్తుంటే కారులో అతను అన్న మాట ఒకటే. "మన ఇంట్లో ఏదో గొడవుందని అనుకుంటారు జనం. అది ఆలోచించావా?"

ఆమె కిటికీలోంచి కొండ మీది ఇళ్ల దీపాల్ని చూస్తూ కూర్చుంది. మర్నాడు కార్యదర్శి పదవికి రాజీనామా ఇచ్చింది. అర్నుల్ఫో అలక అనుకున్నాడు. వారం ఆగాడు, నెల ఆగాడు. "నా పేరు మీద ఆ కోస్తారీకా వాళ్లకి నాలుగు ముక్కలు రాసెయ్యవా," అని ఒకటి రెండుసార్లు అడిగాడు. "అధ్యక్షుడివి నువ్వు కదా," అంది. మూడోసారి అడగలేదు. అతనూ రాయలేదు.

తను చెయ్యి తీసేస్తే ఇన్నాళ్లూ అక్కడొక చెయ్యి ఉందని అప్పుడైనా కనిపిస్తుందని ఆమె నమ్మింది. రాత్రీ పగలూ ఆ నమ్మకం మీదే బతికింది. ముందు పత్రిక ఆగిపోయింది. ఎవరూ అడగలేదు. తర్వాత గ్వాతెమాలా, ఎల్ సాల్వడోర్ వాళ్ల పాత తగువు మళ్లీ రాజుకుని ఇద్దరూ విడిపోయారు. పనామా మెల్లగా జారుకుంది. నికరాగ్వా రాజధాని మనాగ్వాలో జరగాల్సిన సభ వాయిదా పడి, మళ్లీ వాయిదా పడి, ఇక దాని ఊసే లేదు. పిల్లకు జ్వరం ఎక్కుతుంటే పక్కగదిలో కూర్చుని మూలుగు వింటున్న తల్లిలా ఆమె అన్నీ విన్నది. ఎన్నోసార్లు కంప్యూటర్ ముందు కూర్చుంది, లేచింది.

రెండో వర్షాకాలంలో ఇవానియా ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "మీ కొండల్లో రెండు రోజులు వాన పడిందట కదక్కా. ఒక్కరూ చెప్పలేదు. దిగువన రెండు పల్లెలు మునిగాయి. మనుషులు బయటపడ్డారు, పశువులు పోయాయి. మీ వాళ్లకి నేనే ఫోన్ చేస్తే, మా లిసెన్సియాదా ఏదీ, నువ్వెవరు అంటున్నారు. నువ్వు రావాలక్కా. కార్యదర్శిగానే రా, నీ కాళ్లు పట్టుకుంటా."

"కార్యదర్శిగా రాను," అంది నిదియా.

"పోనీ ఎలా వస్తావు?"

ఎలా వెళ్లాలి? ఆమెకు తెలియలేదు. ఆ సంఘంలో తనకు ఇంకో తలుపు ఎవరూ పెట్టలేదు, తనూ పెట్టుకోలేదు. ఫోన్ పెట్టేసి, వంటగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఆ మర్నాటి నుంచి వాన పడిన ప్రతి రోజూ కాలేజీకి వెళ్లబోయే ముందు ఎగువ ఊళ్లకు ఫోన్ చేసి, ఎంత పడిందో కనుక్కుని లియోన్‌కు చెబుతుంది. దానికి పేరు లేదు, ముద్ర లేదు. అర్నుల్ఫోకు తెలియదు. మళ్లీ అదే చాకిరీ, ఈసారి కార్డు మీద పేరైనా లేకుండా. ఆ సంగతి ఆమెకు తెలుసు. మానలేదు.

ఈ ఏడాది మెక్సికో నుంచి డాక్టర్ బెర్నాల్ అనే పెద్దమనిషి ఉపన్యాసానికి వచ్చాడు. ఆదివారం భోజనానికి ఇంటికి పిలిచాడు అర్నుల్ఫో. నిదియా కోడికూర వండింది, అరటికాయ వేయించింది. మాటల్లో సంఘం సంగతి వచ్చింది.

"మంచి సంఘం, ఎందుకు చల్లబడిపోయింది?" అన్నాడు బెర్నాల్.

"ఇలాంటివి అంతే డాక్టర్. చిన్న దేశాలు, నిధులుండవు, ఒకరంటే ఒకరికి పడదు. నా హయాంలో ఎంతో ప్రయత్నించాను," అన్నాడు అర్నుల్ఫో. అతని గొంతులో నిజమైన విచారం ఉంది. అతను నిజంగానే అలా నమ్ముతున్నాడని నిదియాకు ఆ క్షణాన అర్థమైంది. అబద్ధమాడి ఉంటే బాగుండుననిపించింది.

"మీరు కూడా అందులో ఉండేవారట కదా దోన్యా నిదియా?"

"నాకు చాలా సాయం చేసేది," అన్నాడు అర్నుల్ఫో.

నిదియా వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టింది.

"అది చల్లబడలేదు డాక్టర్," అంది. "దాన్ని పుట్టించింది నేను. చంపింది కూడా నేనే."

బెర్నాల్ అయోమయంగా చూశాడు. అర్నుల్ఫో పకపకా నవ్వాడు. "చూశారా! మా ఆవిడ మొహం మామూలుగా పెట్టుకుని ఇలాంటి జోకులు వేస్తుంటుంది." బెర్నాల్‌కు ఊపిరాడింది, అతనూ నవ్వాడు. "మీ ఇంట్లో పొద్దుపోకపోవడమంటూ ఉండదన్నమాట," అంటూ అరటికాయ ముక్క నోట్లో వేసుకున్నాడు.

దోన్యా క్రిస్తెలాకు ఈమధ్య చెవులు సరిగా వినిపించడం లేదు. నవ్వుతున్నవాళ్ల మొహాల్ని చూసి, నవ్వని కోడలి మొహాన్ని చూసి, కొడుకు మోచెయ్యి పట్టుకుని కుదిపింది.

"ఏరా, ఏమందిరా?"

"ఏమీ అనలేదమ్మా," అన్నాడు అర్నుల్ఫో. "తిను."