చీలమండ చెప్పకముందే

రండమ్మా, ఇలా దగ్గరగా జరగండి. వెనకున్న తాతగారికి కాస్త చోటివ్వండి. దేవుడు నోరు మనిషికొక్కడికే ఇచ్చాడని ఎవరన్నారు?

ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఇద్దరు తోటికోడళ్ళు పనిచేసేవారు. పెద్దకోడలిది పదిహేనేళ్ళ అనుభవం. చిన్నకోడలు నిరుడే చేరింది. అయితేనేం, ఎప్పుడో బెణికి బిగుసుకుపోయిన కాలును చిన్నకోడలు రెండు చేతుల్లోకి తీసుకుని, మడమ మీది ఎముకను మెల్లగా వెనక్కి నొక్కితే చాలు, చీలమండ మాట్లాడేది. "బస్సు ఆగకముందే దూకాడండీ," అనేది. "మూడో మెట్టు చూసుకోలేదు," అనేది. ఉన్నది కక్కేసి హాయిగా వదులయ్యేది. అక్కడ అది మామూలే. వరసలో కూర్చున్నవాళ్ళు పేపర్లోంచి తల కూడా ఎత్తేవారు కాదు.

పెద్దకోడలికి మాత్రం కడుపు రగిలిపోయేది. "నా చేతిలో మూగమొద్దులు, దాని చేతిలో వసపిట్టలూనా!"

ఓర్వలేక ఒకరోజు పెద్దకోడలు, చిన్నకోడలు రోగి కాలికి తగిలించి లాగే బెల్టును స్టూలెక్కి బీరువా మీద దాచేసింది. దిగుతుంటే కాలు మెలికపడి కూలబడింది. అంతకుముందే రెండుసార్లు బెణికిన కాలు. నెల తిరిగేసరికి వాపు తగ్గింది గానీ కీలు బిగుసుకుపోయింది. గొంతుక్కూర్చోలేకపోతే రోగి కాలు పట్టుకునేదెలా?

క్లినిక్ నడిపే డాక్టరమ్మ తేల్చేసింది. "సోమవారం చూస్తాను. గోడ ముందు నిలబడి వంచితే, మడమ లేవకుండా మోకాలు గోడకు ఆనిందా, సరే. లేదంటే ఇక చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చో తల్లీ."

సోమవారం పొద్దున్నే చిన్నకోడలు వచ్చింది. "అక్కా, కాలిలా ఇవ్వు."

"నీ చేత కాలు పట్టించుకోవడం కంటే చీటీలే నయం!"

"పోనీ మీ మరిదిని పిలవనా? పిండి పిసికినట్టు పిసుకుతారు."

అసలు భయం వేరు. కాలు నోరు విప్పితే బెల్టు సంగతి పదిమందిలో బయటపడుతుంది. పెద్దకోడలు చీటీల బల్ల వైపు చూసింది. తన చేతులు చూసుకుంది. కాలు చాపింది.

బొటనవేళ్ళు ఎముక మీద ఆనాయి. చీలమండ గొంతు సవరించుకుంది.

"ఆగు, నేనే చెబుతాను!" అంది పెద్దకోడలు గబుక్కున. "నీ బెల్టు బీరువా మీదుంది. నీకొస్తున్న పేరు చూసి ఓర్వలేక నేనే దాచాను. దిగుతూ పడ్డాను."

వరసలో పేపర్లన్నీ కిందికి దిగాయి.

"నెల్లాళ్ళుగా తువ్వాలుతో లాగి లాగి నా నడుం పడిపోయిందక్కా," అంది చిన్నకోడలు. గొంతులో కోపముంది. చేతులు మాత్రం కాలు వదల్లేదు.

చీలమండకు చెప్పడానికేమీ మిగల్లేదు. ఒక్క నిట్టూర్పు విడిచి వదులైంది.

గోడ దగ్గర మడమ లేవలేదు, మోకాలు ఆనింది. ఆ మధ్యాహ్నం పెద్దకోడలు గొంతుక్కూర్చుని ఒక ముసలాయన కాలు పట్టుకుంటే, అది మొదటిసారి ఆవిడతో మాట్లాడింది. "మీరూ పడ్డారటగా!" అంది.

అంతేనమ్మా. మిగతాదంతా మరిచిపోయినా, కాలు చెప్పకముందే తన తప్పు తనే చెప్పుకున్న ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. ఓర్వలేక మీరు దాచినదేదైనా ఉంటే, ఆ దేవుణ్ణి తలుచుకుని, రేపు పొద్దున్నే మీరూ చెప్పేయండి.