ప్రాంటల్ గారి డాక్టరేటు

మా గ్రాట్స్ నగరంలో మనిషి పేరు కంటే ముందు చదువు పలుకుతుంది. అడెల్‌హైడ్ ప్రాంటల్ గారిని పెళ్లయిన మర్నాటి నుంచీ అందరూ ‘డాక్టరమ్మగారూ’ అనే పిలిచారు. ఆ డాక్టరేటు ఆవిడది కాదు, న్యాయశాస్త్రంలో భర్త సంపాదించింది. మర్యాదకొద్దీ భార్యకూ అంటుకుంది. ఆయన పోయినా అది పోలేదు.

ఆ తరవాత ఆవిడ విశ్వవిద్యాలయంలో చేరారు. మా కాఫీ హోటల్లో కిటికీ పక్క బల్ల నిండా పుస్తకాలు పరుచుకుని ఏళ్ల తరబడి చదివారు. కేకులమ్మే చోట నిలబడి నేను చూస్తూనే ఉన్నాను.

జూన్ నెలలో ఒక ఉదయం, చివరి పరీక్ష ముగించుకుని నేరుగా మా దగ్గరికే వచ్చారు. టోపీ పక్కకి ఒరిగిపోయింది.

“ఇగ్నాట్స్ గారూ! నేను డాక్టర్నయ్యాను!”

మా పాత సర్వరు ఇగ్నాట్స్ తలవంచి, “చాలా సంతోషం, డాక్టరమ్మగారూ. కాఫీలోకి మీగడ ఎప్పటిలాగేనా?” అన్నాడు.

ఆయన తప్పేం లేదు, ఆయనకి ఆవిడ ఎప్పుడూ డాక్టరమ్మగారే, ఆ మాటలో కొత్తేం వినిపించలేదు. ఆవిడ మొహం మాత్రం చిన్నబోయింది. మాంసం కొట్లోనూ, మందుల షాపులోనూ అదే వరస.

మర్నాడు వచ్చి ఇగ్నాట్స్‌తో, “ఇకమీదట నన్ను ప్రాంటల్ గారూ అనండి, చాలు,” అన్నారు.

“ఉత్త ప్రాంటల్ గారనా? నాకు నోరు రాదండీ! పక్క బల్ల ప్రొఫెసరు గారు వింటే మనిద్దరికీ ఏదో గొడవైందనుకుంటారు.”

“అనుకోనివ్వండి. ఇన్నేళ్లూ మా ఆయన కోటు వేసుకు తిరిగాను. అది విప్పితేనే కదా నాది తొడుక్కునేది! మధ్యలో కాస్త చలేస్తే వెయ్యనివ్వండి.”

వేసవంతా పాపం ఇగ్నాట్స్ “డాక్... ప్రాంటల్ గారూ” అంటూ తంటాలు పడ్డాడు. ఆవిడ బిరుదు ఎవరో లాగేసుకున్నారటగా అని ఇద్దరు ముగ్గురు నన్ను రహస్యంగా అడిగారు కూడా.

ఒక వాన మధ్యాహ్నం, హోటల్లో ఎవరూ లేనప్పుడు, ఇగ్నాట్స్ ఆవిడ బల్ల దగ్గర ఆగాడు.

“అడక్కూడదేమో గానీ... అసలు ఆ డాక్టరేటుకి మీరు దేనిమీద రాశారండీ?”

ఆ మాట అప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

“కొండమీద మేసే ఆవుల్ని ఆడవాళ్లు ఇంటికి పిలిచే కూతలమీద.”

“కూతలా! మా మేనత్త ఇప్పటికీ కొండమీదే. ఆవిడ కూతేస్తే అవతలి లోయలో ఆవులు తలెత్తుతాయి.”

“ఎలా?”

ఇగ్నాట్స్ అటూ ఇటూ చూశాడు. పళ్లెం కింద పెట్టి గొంతెత్తాడు. వంటగదిలోంచి వంటాయన గరిటెతో పరిగెత్తుకొచ్చాడు.

“ఆ చివర విరుపు నాకెక్కడా దొరకలేదు! మళ్లీ అనండి!” ప్రాంటల్ గారు లేచి నిలబడ్డారు.

“నాదేముంది, మా అత్త నోట వినాలి. ఆదివారం వస్తారా, డాక్టరమ్మగారూ?” అనేసి నాలుక కరుచుకున్నాడు.

“వస్తాను,” అన్నారావిడ. కళ్లు మెరుస్తున్నాయి. “ఈసారి మీరు పిలిచింది నన్నే.”

ఆదివారం ఇద్దరూ కొండెక్కారు. “అత్తా, ఈవిడ డాక్టరు గారు, మన కూతలు వినడానికొచ్చారు,” అని ఇగ్నాట్స్ పరిచయం చేశాడట.

“డాక్టరా? దేవుడే పంపాడు! ముందు ఆ ఎర్రావు కాలు చూడమ్మా, కుంటుతోంది,” అందట ముసలావిడ.

డాక్టర్ ప్రాంటల్ పడీపడీ నవ్వారట. తరవాత చొక్కా చేతులు పైకి మడిచి, గడ్డిలో మోకాళ్లమీద కూర్చుని, గిట్టలో రాయేమైనా ఇరుక్కుందేమోనని వెతకసాగారట.