గేటు నడుమ స్వప్న

మీ కాలనీ మీదికి రావడం మానేసిన పొగ ఎవరింటికి పోయిందో ఎన్నడన్నా అడిగిండ్రా?

ఎల్బీనగర్ దాటినంక ఉన్న మాదిగ బస్తీకి పోయింది. అక్కడ సోమమ్మ పొద్దున్నే గిన్నెల మీది మసి కడిగి, బిడ్డ స్వప్నను లేపుతుంది. లేపడమంటే పిలవడమే. రెండో తరగతి పిల్ల, పుల్లల్లాంటి చేతులు. తనంతట తను నడుస్తుంది గానీ ఎత్తడం ఎవరి వల్లా కాదు. పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే బట్టీ పక్కకు వచ్చిననాటి నుంచి, పొగ పీల్చిన కొద్దీ పిల్ల బరువెక్కుతోంది. మంచం విరిగింది. ఆటో ఎక్కితే ముందు చక్రం గాల్లోకి లేచింది.

"జర నడుమ కూసోబెట్టమ్మా, బండి ఒరుగుతది," అన్నాడు ఆటో ఆయన. అంతే, ఎవరూ వింతపడలేదు.

"ఒంట్లో సీసం చేరింది. ఆ పొగ ఆగకపోతే పిల్ల దక్కదు," అంది దవాఖానలో డాక్టరమ్మ.

ఆ బట్టీ మొదట దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాలనీ వెనక ఉండేది. కాలనీ ప్రెసిడెంటు శ్రీరామమూర్తి గారు ఊరుకోలేదు. "మా పిల్లలు దగ్గుతున్నారండీ, ఇంకెక్కడికైనా మార్చండి," అన్నారు. ఆ ఇంకెక్కడో అన్నది ఏ ఊరో ఆయన అడగలేదు. బస్తీ పక్కన జాగా ఇచ్చింది మాత్రం మనోడే, జై తెలంగాణ కండువా వేసుకున్న రామచంద్రం పటేల్.

సోమమ్మ పోయి మొక్కింది. "బిడ్డ సచ్చిపోతది పటేలా!"

"రాష్ట్రం రానీ, మొట్టమొదలు గీ బట్టీనే తీపిస్త. ఇయ్యాల విజయవాడ రోడ్డు మీద వంటావార్పు ఉంది, మీ ఆడోళ్లందర్ని తోల్కరా."

ఆడోళ్లు బియ్యం, వండే గంజులు పట్టుకుని బయలుదేరారు, వెంట స్వప్న కూడా నడిచింది. రోడ్డు మీదికి పోలేదు. బట్టీ గేటు ముందు మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించారు. రామచంద్రం ఉరికొచ్చాడు.

"ఏందే ఇది? మన కొట్లాట ఆంధ్రోళ్లతోని!"

"జాగా ఇచ్చింది నువ్వే గద పటేలా. కూసో, నీకూ ఇంత బువ్వ పెడ్తం."

పోలీసులొచ్చి ఒక్కొక్కరినే వ్యాన్లోకి ఎత్తేశారు. సోమమ్మనూ ఎత్తేశారు. గేటు నడుమ స్వప్న ఒక్కతే మిగిలింది, అన్నం కలుపుకుంటూ. ఇద్దరు పట్టినా లేవలేదు. నలుగురు పట్టినా లేవలేదు. క్రేన్ తెస్తే దాని తాడు తెగింది.

"మెల్లగ సార్, చెయ్యి నొస్తుంది," అంది పిల్ల.

బ్యాటరీల లారీ హారన్ కొట్టీ కొట్టీ వెనక్కి మళ్లింది. తర్వాత వచ్చినవీ మళ్లాయి. కరిగించడానికేమీ లేక బట్టీ చల్లారింది.

పోలీసులు వదిలినంక ఇప్పుడు సోమమ్మ గేటు దగ్గరే బిడ్డకు అన్నం పెడుతోంది. పొగ లేదు. పిల్ల దగ్గు తగ్గింది, మొఖం తేటపడింది. బరువూ తగ్గుతోంది. రామచంద్రం రోజూ వచ్చి, ముద్దుచేసినట్టే చంకల కింద చేతులు పెట్టి ఎత్తి చూసి పోతున్నాడు. నిన్న పిల్ల మడమలు నేల విడిచాయి.

బతకాలంటే ఆమె తేలిక కావాలి. తేలికైన రోజున ఎత్తి పక్కన పెట్టి బట్టీ ముట్టిస్తారు. కాలనీలోళ్లు, బస్తీలోళ్లు, ఆంధ్ర, తెలంగాణ ఎవరైనా సరే, రేపు పొద్దుగాల రండి. ఆ పిల్ల పక్కన కూసోండి.