బూడిద పూసిన సొర గింజలు

బరంపురం చేపల మార్కెట్లో కన్నమ్మ నోటికి ఎదురులేదు. గంప దించిన దగ్గర్నుంచి బేరాలతో ఊదరగొట్టే మనిషి, నవ్వొస్తే మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. పై వరసలో ముందు పళ్ళు రెండూ నల్లబడి ఇరవై మూడేళ్ళు. పడవ దగ్గర తెడ్డు తగిలిందని తమ ఊరు మార్కండిలో అందరికీ చెప్పింది. అందరూ నమ్మారు, లేదా నమ్మినట్టు ఊరుకున్నారు. మొగుడు జగ్గన్న పోయి ఆరేళ్ళయినా ఆ మాట మార్చలేదు.

ఇప్పుడు కూతురు రింకి పెళ్ళి కుదిరింది. కుర్రాడు శంకర్‌కి ఐస్ ఫ్యాక్టరీలో పని.

"పెళ్ళి ఫొటోల్లో కూడా చెంగు అడ్డమెట్టుకుంటావేటి? పళ్ళు సేయించుకోమ్మా," అని రింకి పట్టుబట్టింది.

పళ్ళ డాక్టరు చూసి, రెండింటికీ పింగాణీ తొడుగులు వెయ్యాలన్నాడు. అవి చేసేది లోపలి గదిలో కూర్చునే కూర్మారావు. ఆయన రకరకాల తెలుపుల నమూనా పళ్ళు గుచ్చిన పట్టీ తెచ్చి, ఆమెను కిటికీ వెలుగులోకి తిప్పి, ఒక్కోటీ ఆనించి చూసి పెదవి విరిచాడు.

"నలుపు పోదమ్మా, లోపలే ఉంటాది. ముందు దట్టంగా ఒక పూత ఏసి కప్పేత్తాను. దాని మీద పల్చటివి ఇంకో రెండు. సిగురు దగ్గర కొంచెం పసుపు, అంచు అద్దంలాగ. ఒట్టి తెలుపు ఏత్తే టీ కప్పులా కనబడతాది."

"మరేటి కష్టం బాబూ?"

"పక్క పళ్ళన్నీ కిళ్ళీకి ఎర్రబడిపోనాయి. నీ అసలు రంగేదో తెలీడం లేదు. పెళ్ళికి ముందటి సొర గింజలుంటే తే."

పాత ఫొటో అడిగినట్టే అడిగాడు. మార్కండిలో పాలపన్ను ఊడితే ఆవుపేడ ఉండలో పెట్టి ఇంటికప్పు మీదికి విసురుతారు. ఆడపిల్ల పన్ను పడ్డచోట సొరపాదు మొలుస్తుంది. ఏటా ఒక కాయను ఎండేదాకా ఉంచి పగలగొడితే, అందులో గింజలు ఆ పిల్ల పళ్ళలాగే ఉంటాయి. అదే రంగు, అదే వంకర. అందుకే పెద్ద తుఫాను తర్వాత డాబాలు వేసుకున్నవాళ్ళు కూడా వంటింటి మీద తాటాకు తియ్యలేదు. పిల్ల అత్తారింటికి వెళ్ళేదాకా ఏ ఏటి గింజలు ఆ ఏటికి మూటగట్టి తల్లి బూడిద కుండలో దాస్తుంది.

కన్నమ్మ తల్లి గురువమ్మ ఉండేది పక్క వీధిలోనే. కుండ అడిగితే ఆవిడ గబుక్కున లేవలేదు.

"ఏ మూటైనా ఒకటేనే. సిన్నప్పటిది ఒట్టుకెల్లు," అంది.

కన్నమ్మ పెళ్ళి ముందటేటి మూటే విప్పింది. అన్నీ మీగడ రంగు గింజలు. రెండింటికి మాత్రం బూడిద దట్టంగా అంటుకుని ఉంది. బొటనవేలితో రుద్దితే కింద నలుపు. ఒకటి చిట్లగొట్టింది. లోపలి పప్పూ నలుపే.

జగ్గన్న దెబ్బ ఆ పళ్ళమీద పడింది పెళ్ళయిన ఏడాదికి. ఆ రోజు తెడ్డు పడవలోనే ఉంది. గింజలు మాత్రం పెళ్ళికి ముందే నల్లబడ్డాయి.

"నీకు తెలుసా అమ్మా?"

గురువమ్మ తలెత్తలేదు. "లగ్గం ఎట్టేసినారే. ఊరందరికీ సెప్పేసినాం. నానేటి సేతును? బూడిద పూసేసినాను."

ముసలిదాన్ని తిట్టడానికి కన్నమ్మకి నోరు రాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. అంతకు ముందటేటి మూటలోంచి తెల్ల గింజలు నాలుగు కొంగున కట్టుకుని బరంపురం బస్సెక్కింది.

వారం తిరక్కుండా కూర్మారావు పని ముగించాడు. అద్దంలో పద్దెనిమిదేళ్ళ కన్నమ్మ పళ్ళు. ఎడమదాని అంచున చిన్న గంటు కూడా గింజలో ఉన్నట్టే దిద్దాడు. "గట్టివి కొరక్కమ్మా," అన్నాడు. ఆమె చెంగు లేకుండా నవ్వింది. పట్టరాని సంతోషం కలిగింది. బస్సులో కూర్చున్నాక భయం పట్టుకుంది. ఇన్నేళ్ళూ ముఖాన ఉన్న సాక్ష్యం కాస్తా కప్పబడిపోయింది. ఇక తను నోరు విప్పి చెప్తే తప్ప ఎవరికీ తెలీదు.

ఇంటికి వస్తూనే నిచ్చెన వేసి, వంటింటి మీద రింకి పాదుకు ఎండిన కాయ దింపింది. గుమ్మంలో పగలగొట్టింది. దోసెడు గింజలు. అన్నీ తెల్లనివే, ఒక్కటి తప్ప.

లోపల రింకి పెళ్ళి జాకెట్టు తొడుక్కుని చూసుకుంటోంది. పొయ్యిలో బూడిద చల్లారి ఉంది. కన్నమ్మ దోసిట్లోకి తీసుకుంది, గింజ దాకా తెచ్చింది, ఆగిపోయింది. బూడిద చేతులతోనే కూతుర్ని పిలిచి, నల్ల గింజను ఆమె అరచేతిలో పెట్టింది.

"నాకు తగిలింది తెడ్డు కాదే. మీ నాన్న సెయ్యి. పెళ్ళికి ముందే నా గింజలు ఇలగే ఉన్నాయి. ఇది నీది."

రింకి తల్లి పళ్ళవైపు, గింజవైపు మార్చి మార్చి చూసింది. జాకెట్టు చెయ్యి పైకి లాగింది. మోచేతికి పైన నాలుగు వేళ్ళ వాత, కమిలిపోయి.

"మొన్న శంకర్‌తో గోపాల్‌పూర్ ఎల్లినప్పుడమ్మా. ముందురోజు తన ఫోన్ ఎత్తలేదని. పెళ్ళయితే మారతాడనుకున్నాను."

"నానూ అలగే అనుకున్నాను."

గింజను పిడికిట్లో బిగించి రింకి శంకర్‌కి ఫోన్ చేసింది. "ఈ పెళ్ళి నాకొద్దు," అంది. అవతల అరుపులు కన్నమ్మకీ వినబడ్డాయి. రింకి పెట్టేసింది. రేపట్నుంచి ఊళ్ళో ఎన్ని నోళ్ళు లేస్తాయో ఇద్దరికీ తెలుసు.

పిడికిలి విప్పితే గింజ తెల్లగా ఉంది.

కన్నమ్మ నమ్మలేదు. పూతల సంగతి ఆమెకిప్పుడు బాగా తెలుసు. బొటనవేలితో రుద్దింది, గోటితో గీకింది. ఏమీ రాలలేదు. కూర్మారావు మాట పక్కనపెట్టి, గింజను కొత్త పళ్ళమధ్య ఉంచి కటుక్కున కొరికింది.

లోపలి పప్పు కూడా తెలుపే.