రెండు బజార్ల మెయిలు

మా నాన్న పుల్లయ్యకి ఈ లోకంలో నమ్మకం లేనివి చాలా ఉన్నాయి. మిర్చి యార్డులో కాటా, టీవీలో వాతావరణం, మా మేనత్త మోకాళ్ల నొప్పులు, అన్నిటికన్నా ముఖ్యంగా మామూలు ఈమెయిలు. అందుకని నాకు పట్టుబట్టి ఒక మామూలుది కాని ఈమెయిలు పెట్టించాడు. అది నన్ను ఎంత ఏడిపించిందో నాకే తెలుసు.

మాది కారంపూడికి దగ్గర్లో ఒక ఊరు. బ్యాంకు ఉద్యోగం పరీక్షకి నేను మొదటిసారి దరఖాస్తు పెడదామనుకున్నప్పుడే నాన్న అడ్డం పడ్డాడు.

"నెట్ సెంటర్లో పెట్టబాక. ఆడికి తెలిస్తే మైకులో చెప్పినట్టే. రేపు నువ్వు తప్పావనుకో, ఊరంతా నవ్వుద్ది."

"రాయకముందే తప్పడం గురించి ఏంది నాన్నా?"

"జాగర్త గురించి చెప్తన్నా. ఫోన్లో చూశా, ఏదో మంచు దేశం కంపెనీ అంట. మన మెయిలు ఆళ్లు కూడా చదవలేరంట. పోలీసులొచ్చి అడిగినా, తాళంచెవి మా కాడ లేదు పోండి అంటారంట."

ఆ చివరి మాట ఆయనకు తెగ నచ్చింది. పోలీసులకి నా మెయిలుతో ఏం పనో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మెయిలు తెరవగానే కంపెనీ మాకు పన్నెండు ఇంగ్లీషు మాటలిచ్చింది. ఒకదానికొకటి సంబంధం లేని మాటలు. లాడర్, బటన్, పెప్పర్, ఇలా. పాస్‌వర్డ్ మర్చిపోతే ఈ పన్నెండూ వరసగా కొట్టాలి, అప్పుడు కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. వీటిని భద్రంగా దాచుకోమని ఎర్ర అక్షరాల్లో హెచ్చరించారు కూడా. మంచు దేశం వాళ్లకి మా ఇల్లు తెలియదు. మా ఇంట్లో బియ్యం డబ్బా మూత కూడా మాకంటే ముందు పక్కింటావిడే తీస్తుంది.

నాన్న ఒక పూటంతా ఆలోచించి ఉపాయం కనిపెట్టాడు. మా ఊళ్లో పై బజారు, కింద బజారు అని రెండున్నాయి. మంచినీళ్ల కుళాయి దగ్గర్నుంచి వినాయకుడి పందిరి దాకా అన్నీ వేరువేరు. పై బజారుకి పెద్ద మా కొండమ్మ పెద్దమ్మ, మాజీ సర్పంచి. కింద బజారుకి ట్రాక్టర్లు బాగుచేసే ఖాదర్ వలి మామ, వార్డు మెంబరు. మా ఇల్లు రెండు బజార్లూ కలిసే మలుపులో ఉంది. మా నాన్న రాజకీయం కూడా అదే మలుపులో ఉంటుంది.

"ఐదు మాటలు పై బజారోళ్లకి, ఐదు కింద బజారోళ్లకి. మనిషికొకటి. మిగిలిన రెండు నా కాడ. ఈ రెండు బజార్లూ ఒకచోట కూర్చునే రోజు ఈ జన్మలో రాదు. ఇంతకన్నా గట్టి తాళం ఆ కంపెనీ కూడా చెయ్యలేదు."

నేను వద్దని మొత్తుకున్నాను. వినలేదు. ఎవరి మాట ఎన్నోదో కూడా చెప్పి, వాళ్లకి కంఠతా పట్టించి, "చానా ముఖ్యమైన సంగతి, ఎవురికీ చెప్పబాకండి" అని ఇంటింటికీ తిరిగి చెప్పొచ్చాడు.

ఆ మెయిలుతోనే దరఖాస్తు పెట్టి పరీక్ష రాశాను, తప్పాను. ఇంకోసారి రాశాను, మళ్లీ తప్పాను. రెండుసార్లూ ఆ వార్త ఆ మెయిలుకే వచ్చింది. ఊళ్లో మాత్రం నేను కంప్యూటర్ కోర్సు చేస్తున్నానని చెప్పుకున్నాం. ఎవరైనా నవ్వితే, నా గురించేనేమో అని దారి మార్చుకునేదాన్ని. రెండోసారైతే పరీక్ష హాల్లో కూర్చుని లెక్కల బదులు కొండమ్మ పెద్దమ్మ ఏమంటుందో ఆలోచించాను.

మూడోసారి దరఖాస్తు పెట్టాను. నాకు ఇరవై ఎనిమిది నిండబోతున్నాయి, వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరుసారి. ఆదివారం నరసరావుపేటలో పరీక్ష. హాల్ టికెట్లు మెయిల్లో పంపేశారని శుక్రవారం తెలిసింది. దరఖాస్తు పెట్టాక మూడు నెలలుగా ఆ మెయిలు ముట్టుకోలేదు, ఇప్పుడు తెరవబోతే పాస్‌వర్డ్ తప్పంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పంది. నా పాస్‌వర్డ్ నాకు నా పేరంత గుర్తు. అయినా తప్పేనంది.

నౌషీన్ అని ఖాదర్ మామ కూతురు, నా స్నేహితురాలు. దాని మెయిలు నుంచి కంపెనీకి రాసి బతిమాలాను. వెంటనే జవాబొచ్చింది. "మీ మెయిలును మేము తెరవలేము. మీ గోప్యతే మాకు ప్రాణం" అని. ఇంత నిజాయితీ గల కంపెనీని నేనెక్కడా చూడలేదు. నోటికొచ్చినట్టు తిట్టి, ఏడ్చాను.

"ఇక పన్నెండు మాటలూ కావాల్సిందే నాన్నా," అన్నాను.

నాన్న మొహం పాలిపోయింది. ఆయన వేసిన తాళం ఎంత గట్టిదో ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది.

శనివారం పొద్దున నాన్న రెండు బజార్లకీ నాలుగేసిసార్లు తిరిగాడు. అమ్మాయికి హాల్ టికెట్ రావాలని మాత్రం చెప్పాడు, రెండుసార్లు తప్పిన సంగతి మింగేశాడు. కొండమ్మ పెద్దమ్మ కింద బజారుకి దిగనంది. ఖాదర్ మామ పై బజారు ఎక్కనన్నాడు. చివరికి పాలకేంద్రంలో అయితే సరేనన్నారు. రెండు బజార్ల గేదెల పాలూ ఒకే క్యాన్లో పోసేది అక్కడే, కాబట్టి అది ఎవరి సొత్తూ కాదు.

మధ్యాహ్నం పాలు లేని వేళ అందరూ వచ్చారు. పై బజారు ఐదుగురూ ఈ గోడకి, కింద బజారు ఐదుగురూ ఆ గోడకి ఆనుకుని కూర్చున్నారు. నేను మధ్యలో క్యాను మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను.

"మొదటి మాట ఎవురిది?" అన్నాడు ఖాదర్ మామ.

"పై బజారుదే," అన్నాడు నాన్న.

"అదే ఎందుకు కావాల?"

"వరస కంపెనీ ఇచ్చింది బావా, నేనిచ్చింది కాదు."

దానిమీద అరగంట నడిచింది. తర్వాత పైకి చెప్పం, చెవిలోనే చెబుతాం అన్నారు. కొండమ్మ పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నా చెవిలో ఊదింది. ఖాదర్ మామ అంతకన్నా జాగ్రత్తపరుడు. పాలు చల్లబరిచే మిషను వేయించి, ఆ హోరులో చెప్పాడు. నాకు వినపడక మూడుసార్లు చెప్పించుకున్నాను. ఒక్కొక్కరూ లేచి రావడం, చెవిలో చెప్పడం, అవతలి గోడవైపు గర్వంగా చూసి కూర్చోవడం. పది మాటలూ అయ్యాయి.

"ఇక నీవి రెండు చెప్పు నాన్నా."

నాన్న పైకప్పు చూశాడు. నేల చూశాడు. మీసం దువ్వుకున్నాడు.

"ఒకటి ఏదో జంతువమ్మా," అన్నాడు.

"ఏ జంతువు?"

"అదే గుర్తు రావట్లా."

రెండేళ్ల చదువు, ఆఖరి అవకాశం, అన్నీ ఏదో ఒక జంతువు దగ్గర ఆగిపోయాయి. వద్దనుకున్నా కన్నీళ్లు ఆగలేదు. "నాన్నా, నాకింకో పరీక్ష లేదు," అన్నాను అందరి ముందే. మిషను ఆగిపోయింది.

"టైగర్," అంది కొండమ్మ పెద్దమ్మ.

"టైగర్," అన్నాడు ఖాదర్ మామ అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"రెండోది గొడుగమ్మా, అంబ్రెల్లా," అన్నాడు మామ మెల్లగా. పెద్దమ్మ అవునని తలూపింది.

"మీకెట్టా తెలుసు?" అన్నాడు నాన్న.

"నువ్వే చెప్పావు గదయ్యా. 'నీ ఒక్కదానికే చెప్తన్నా వదినా' అన్నావు."

"నాకూ అదే అన్నావు బావా," అన్నాడు మామ.

"సరే, నావి నేనే చెప్పా. మరి మిగతావి గూడా తెలుసా?"

"కింద బజారు కోడళ్లలో ముగ్గురు మా పుట్టింటి పిల్లలేగా," అంది పెద్దమ్మ.

"పై బజారు ట్రాక్టర్లన్నీ నా షెడ్డుకే వస్తయి. బాగయ్యేదాకా నోరు మూసుకుని కూర్చోరుగా," అన్నాడు మామ.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయి. పుల్లయ్య అవతలి వాళ్లతో ఏం నడుపుతున్నాడో చూద్దామని రెండు నెలల కింద పెద్దమ్మ తన మనవడు హర్ష చేత మెయిలు తెరిపించింది. వాడు కొత్త పాస్‌వర్డ్ పెట్టాడు. వారం తిరక్కముందే మామ నౌషీన్ చేత తెరిపించాడు, అదీ కొత్తది పెట్టింది. నా పక్కనే కూర్చుని కంపెనీకి బతిమాలుతూ రాసిన నౌషీనే. తర్వాత వీళ్లది వాళ్లూ వాళ్లది వీళ్లూ మారుస్తూనే ఉన్నారు.

"మేం పెట్టింది ఎవురో మారుస్తన్నారు. పుల్లయ్య చానా తెలివైనోడు అనుకున్నాం," అంది పెద్దమ్మ. మామ కూడా అదే అనుకున్నాడట. నాన్న ఈ మాటకి కొంచెం సంతోషపడ్డట్టే కనిపించాడు.

మెయిలు తెరుచుకుంది. చదవనిది ఒక్కటీ లేదు. హాల్ టికెట్ మంగళవారం వచ్చింది, అప్పుడే ఎవరో తెరిచి చూశారు కూడా.

"అయితే నేను తప్పానని..." అన్నాను.

"రెండుసార్లు," అన్నారు ఇద్దరూ.

"మొదటిసారి ఇంగ్లీషులో పోయింది, రెండోసారి లెక్కల్లో," అన్నారు వెనక నుంచి ఎవరో.

సిగ్గుతో చచ్చిపోయాను. "మరి హాల్ టికెట్ వచ్చిందని ఒక్క ముక్క చెప్పలేకపోయారా? రెండు నెలల నుంచి అంతా తెలుసు, ఒక్కళ్లు నవ్వలేదు, ఒక్కళ్లు అడగలేదు. ఎందుకు?"

"ఎట్టా అడుగుతామే? అడిగితే మేం చూశామని తెలిసిపోదూ?" అంది పెద్దమ్మ.

కోప్పడదామనుకున్నాను. నవ్వొచ్చింది. ఆపుకోలేక పడీపడీ నవ్వాను. పెద్దమ్మ నా వీపు నిమిరి, "లెక్కలు చూసుకున్నావా ఈసారి?" అంది. ఆ మాటకే ఇన్నాళ్లూ ఎంత భయపడ్డానో! తీరా విన్నాక ఏమీ కాలేదు.

కొత్త పాస్‌వర్డ్ పెట్టాక కంపెనీ అడిగింది, పాత పన్నెండు మాటలు తీసేసి కొత్తవి ఇవ్వమంటారా అని. నాన్న ఇమ్మను ఇమ్మను అని సైగ చేస్తూనే ఉన్నాడు. నేను వద్దని నొక్కాను.

ఆదివారం ఎవరి బండిలో వెళ్లాలన్నదాని మీద రెండు బజార్లూ మళ్లీ తగువు పడ్డాయి. నేను ఆర్టీసీ బస్సెక్కి నరసరావుపేట వెళ్లి పరీక్ష రాశాను. ఈసారి హాల్లో కూర్చుంటే లెక్కలు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. బాగానే రాశాననుకుంటున్నాను. ఒకవేళ తప్పినా ఇంటింటికీ ఏం చెప్పాలా అన్న బెంగ నాకు లేదు. ఫలితం వచ్చిన రోజు నాకంటే ముందు వాళ్లే చూస్తారు.